ట్రెంచ్‌లు సముద్రం నడుమ కాకుండా అంచుల్లోనే ఎందుకు ఉంటాయి?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. సముద్రం గిన్నెలాంటిదైతే నడిమధ్యలో లోతు ఎక్కువ ఉండాలి కదా, మరి పసిఫిక్‌లోని మరియానా లాంటి అగాధాలన్నీ దీవుల పక్కనో ఖండాల పక్కనో ఎందుకున్నాయి? అవి నేల పగిలి ఏర్పడ్డాయా, నీటి బరువుకు కుంగిపోయాయా? ఏటేటా ఇంకా లోతవుతున్నాయా?

ముందు సూటిగా చెప్పేస్తాను. అవి పగుళ్లూ కావు, నీటి బరువుకు పడ్డ గుంటలూ కావు. ట్రెంచ్ అంటే ఒక వంపు. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి ముక్కలుగా ఉంటుంది, వాటినే పలకలంటాం. పాతబడి, చల్లారి, బరువెక్కిన సముద్రపు పలక ఒకటి పక్క పలక కిందికి దూరుతుంది. దూరేటప్పుడు వంగుతుంది. ఆ వంగిన చోట, పై పలక అంచుకీ దీనికీ మధ్య మిగిలే సందే ట్రెంచ్. రెండు పలకలు కలిసే హద్దు కాబట్టి అది దీవుల వరుస పక్కనో ఖండం పక్కనో ఉంటుంది. ఇక ఏటేటా లోతవడం అంటారా, సాధారణంగా అవదు. అదెందుకో కింద చెప్తాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా సర్వే ఓడల మీద సముద్రపు అడుగును కొలిచే పనిలో ఉన్నాను. అందుకే పుస్తకాల్లో ఉన్నదానితో పాటు తెర మీద చూసింది కూడా కొంత కలుపుతాను.

నీటి బరువు సంగతి ముందు తేల్చేద్దాం. పదకొండు కిలోమీటర్ల లోతున పీడనం మనం పీల్చే గాలి పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది, నిజమే. కానీ నీరు ఒక్కచోట గుచ్చదు, పరుచుకుని నొక్కుతుంది. వేల కిలోమీటర్ల మేర ఇంచుమించు ఒకేలా పడే బరువు నేల మొత్తాన్నీ కాస్త దించగలదేమో కానీ, డెబ్బై కిలోమీటర్ల వెడల్పూ రెండున్నర వేల కిలోమీటర్ల పొడవూ ఉన్న సన్నటి గాడిని చెక్కలేదు. అక్కడ లోతుంది కాబట్టే నీరు ఎక్కువుంది. నీరు ఎక్కువుండటం వల్ల లోతు రాలేదు.

పగులు అనే ఊహ ఇంతకన్నా ఆసక్తికరం. ఎందుకంటే సముద్రపు నేల నిజంగానే విడిపోయే చోట్లున్నాయి. తమాషా ఏమిటంటే అక్కడ గుంట కాదు, పర్వతశ్రేణి ఉంటుంది. పలకలు అటూ ఇటూ జరిగే కొద్దీ కింది నుంచి వేడి మాంటిల్, అంటే పలకల కిందున్న మందపాటి రాతి పొర, పైకి వస్తుంది, అందులో కొంత కరిగి లావాగా మారి ఖాళీని నింపేస్తుంది. వేడిగా ఉన్న రాయి ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ ప్రాంతమంతా చుట్టుపక్కల కన్నా ఎత్తుగా నిలబడుతుంది. వీటినే మధ్య సముద్ర రిడ్జ్‌లు అంటాం. మహాసముద్రాలన్నిటిలో కలిపి ఇవి 65,000 కిలోమీటర్ల దాకా పాకి ఉన్నాయి. వాటి శిఖరాలు సగటున 2,500 మీటర్ల లోతులోనే ఉంటాయి. ప్రపంచ సముద్రాల సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. అంటే మీరు "నడిమధ్య లోతుండాలి" అనుకున్న అట్లాంటిక్‌లో, సరిగ్గా నడిమధ్యే మెట్ట.

ఆ మెట్ట నడినెత్తిన నిజంగానే ఒక లోయ ఉంది. 1950ల మొదట్లో సముద్రపు అడుగు మ్యాపులు గీసే మేరీ థార్ప్, ఓడలు తెచ్చిన లోతు కొలతలన్నీ కాగితం మీద గీస్తూ దాన్ని గుర్తుపట్టింది. నేల అక్కడ విడిపోతోందని ఆమె అంటే, కలిసి పనిచేసే బ్రూస్ హీజెన్ మొదట అవి ఆడవాళ్ల కబుర్లని కొట్టిపారేశాడు. తర్వాత భూకంపాల కేంద్రాలు కూడా ఆ లోయ వెంటే వరుస కడుతున్నాయని తేలాక ఒప్పుకోక తప్పలేదు.

ఇప్పుడు ట్రెంచ్ అర్థం కావాలంటే పలక జీవితాన్ని రిడ్జ్ దగ్గర మొదలుపెట్టి చూడాలి. అక్కడ పుట్టిన రాయి పక్కకు జరుగుతూ చల్లారుతుంది. చల్లారే కొద్దీ కుంచించుకుని, బరువెక్కి, కిందికి దిగుతుంది. దీనికో మోటు లెక్క ఉంది, మేం ఇప్పటికీ వాడతాం. పలక వయసును మిలియన్ ఏళ్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 350తో గుణించి, 2,500 కలపండి. వచ్చేది మీటర్లలో లోతు. 25 మిలియన్ల (రెండున్నర కోట్ల) ఏళ్ల నేల అయితే 4,250 మీటర్లు. 64 మిలియన్ల (ఆరు కోట్ల నలభై లక్షల) ఏళ్లది అయితే 5,300. సుమారు ఏడు కోట్ల ఏళ్ల వరకూ ఇది బాగానే సరిపోతుంది, ఆ తర్వాత దిగడం మందగిస్తుంది. మ్యాప్ మీద లోతు చూసి నేల వయసును ఉజ్జాయింపుగా చెప్పగలగడం ఈ పనిలో నాకు మొదట్నుంచీ నచ్చిన విషయం.

ఇలా చల్లారిన పలక మందం వంద కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. ఒక దశలో అది కిందున్న వేడి మాంటిల్ కన్నా సాంద్రమవుతుంది. మునగడానికి అవకాశం దొరికితే చాలు, మునుగుతుంది. ఒకసారి మునగడం మొదలయ్యాక దిగిన భాగం బరువే వెనకనున్న పలకను లాగుతుంది. బల్ల అంచు మీద నుంచి సగం జారిన దుప్పటి తన బరువుతో తానే కిందికి జారిపోతుంది చూడండి, అలా. చాలామంది రిడ్జ్ దగ్గర పుట్టే లావా పలకల్ని తోస్తుందని అనుకుంటారు. తోపు కొంత ఉన్నా, అసలు బలం ఈ లాగుడుదే. పసిఫిక్ పలక అంచుల చుట్టూ చాలా చోట్ల కిందికి దిగుతోంది, అందుకే అది వేగంగా కదులుతుంది. దిగే అంచులు పెద్దగా లేని పలకలు నెమ్మదిగా జరుగుతాయి.

నేను మొదటిసారి ట్రెంచ్ దాటింది జావా ట్రెంచ్ దగ్గర, దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తూ. రాత్రి డ్యూటీ. నాకు పని నేర్పే పెద్దాయన ముందే చెప్పారు, "లోతు పెరుగుతుందని కాచుక్కూర్చోకు, ముందు తగ్గుతుంది" అని. నమ్మలేదు. చూస్తుండగానే నేల మెల్లమెల్లగా పైకి లేచింది, మూడు నాలుగు వందల మీటర్లు. మెషిన్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. ఆ ఉబ్బు దాటాక గానీ అసలు దిగుడు మొదలవలేదు. నీళ్ల మీద తేలే పల్చటి థర్మాకోల్ షీటు అంచును వేలితో ముంచితే, అంచుకు కాస్త ఇవతల షీటు పైకి ఉబుకుతుంది. రాతి పలకా అదే చేస్తుంది. ట్రెంచ్‌కు వంద, నూటయాభై కిలోమీటర్ల ముందు ఈ ఉబ్బు దాదాపు ప్రతి చోటా కనిపిస్తుంది. ట్రెంచ్ గుంట కాదు, వంపు అనడానికి నా కళ్లతో చూసిన సాక్ష్యం అదే. ఉబ్బు దాటాక పలక పైభాగం వంగలేక చిట్లుతుంది. మెట్లు మెట్లుగా, ట్రెంచ్‌కు ఇంచుమించు సమాంతరంగా పగుళ్లు పడతాయి. మీ "పగులు" ఊహలో నిజం ఉన్నది ఇక్కడ మాత్రమే. పగుళ్లు వంపు వల్ల వచ్చాయి, ట్రెంచ్ పగుళ్ల వల్ల రాలేదు.

ఇంకో సాక్ష్యం చాలా పాతది. డచ్ శాస్త్రవేత్త వెనింగ్ మైనెజ్ 1920, 30లలో జలాంతర్గాముల్లో కూర్చుని గురుత్వాకర్షణ కొలిచాడు. పైన ఓడలో అయితే అలల కుదుపుకు ఆయన లోలకాలు నిలవవు, అందుకే నీళ్ల కిందికి వెళ్లాడు. జావా దక్షిణాన ట్రెంచ్ వెంట గురుత్వం ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ వచ్చింది. అంటే అక్కడ బరువైన రాయి ఉండాల్సిన చోట తేలికైన నీరు ఉండిపోయింది. ఏదో ఒకనాడు ఏర్పడి వదిలేసిన గుంటే అయితే, కింది మాంటిల్ దాన్ని ఎప్పుడో పైకి తేల్చి సర్దేసేది. సర్దుకోలేదంటే ఏదో ఒకటి దాన్ని ఇప్పటికీ కిందికి పట్టి ఉంచుతోందన్నమాట. ఆ పట్టేది ఏమిటో ఆయన కాలంలో తేలలేదు. పలకలు కదులుతాయనే ప్లేట్ టెక్టానిక్స్ సిద్ధాంతం వచ్చాక తేలింది.

"ఇంకా లోతవుతుందా" అన్నదానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఎస్కలేటర్ చివర చూడండి. మెట్లు ఒకదాని వెంట ఒకటి నేలలోకి దూరిపోతూనే ఉంటాయి, కానీ అవి దూరే సందు పెద్దదవదు. ట్రెంచ్ కూడా అంతే. పలక ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దిగుతూనే ఉంటుంది, వంపు ఆకారం మాత్రం అలాగే నిలుస్తుంది. లాగే బరువు, వంగడానికి పలక చూపే మొండితనం, పైనుంచి పడే మట్టి, వీటి మధ్య లెక్క కుదిరినంత కాలం లోతు పెద్దగా మారదు.

మరి ఒక్కో ట్రెంచ్ ఒక్కో లోతు ఎందుకు? నా అనుభవంలో ఎవరైనా ఒక ట్రెంచ్ లోతు చెప్తే నేను వెంటనే అడిగేవి రెండే: దిగే పలక వయసెంత? పైన మట్టి ఎంత పడుతోంది? మరియానా దగ్గర దిగేది పదిహేను కోట్ల ఏళ్లు దాటిన పసిఫిక్ నేల, ప్రపంచంలోని అతి పాత సముద్రపు నేలల్లో ఒకటి. చల్లగా, బరువుగా ఉంది కాబట్టి నిటారుగా దిగిపోతుంది. దగ్గర్లో పెద్ద నదులు తెచ్చి పోసే మట్టి కూడా లేదు. అందుకే అందులో అన్నిటికన్నా లోతైన ఛాలెంజర్ డీప్ దగ్గర లోతు 10,900 మీటర్లు దాటుతుంది. టోంగా ట్రెంచ్ కూడా 10,800 దాకా వెళ్తుంది. అదే దక్షిణ అమెరికా పశ్చిమాన దిగే నాజ్కా పలక చాలా చిన్న వయసుది, తేలిక, అంత తేలిగ్గా మునగదు. అక్కడ ట్రెంచ్ 8,000 మీటర్ల దగ్గర ఆగిపోతుంది.

మట్టి సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. సుమత్రా దక్షిణాన స్పష్టంగా కనిపించే ట్రెంచ్ అండమాన్ వైపు వచ్చే కొద్దీ పూడుకుపోయి ఉంటుంది. హిమాలయాల నుంచి గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చిన మట్టి బంగాళాఖాతం అడుగున మూడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకుని, చివరికి ఆ గాడిని కూడా నింపేసింది. మ్యాప్‌లో లోతు కనిపించదు. కానీ కింద పలక దిగడం ఆగలేదు. 2004 డిసెంబరు 26న తెగింది ఆ హద్దే, సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల మేర. ఉత్తర అమెరికా పశ్చిమాన కాస్కేడియా అనే పలకల హద్దు కూడా ఇలాంటిదే. మట్టితో నిండిపోయి చూడటానికి ట్రెంచ్ లాగే ఉండదు, కానీ 1700 జనవరిలో అక్కడ వచ్చిన భూకంపం లేపిన సునామీ జపాన్ తీరం దాకా వెళ్లింది. గాడి లోతుగా లేదంటే ప్రమాదం లేదని కాదు. లోతు చూసి భూకంపాల అంచనా వేయకండి.

అట్లాంటిక్‌లో ట్రెంచ్‌లు ఎందుకు తక్కువ అని కూడా అడగొచ్చు. అక్కడ చాలా తీరాల్లో ఖండమూ పక్కనున్న సముద్రపు నేలా ఒకే పలకలో అతుక్కుని ఉన్నాయి, హద్దు లేదు. దూరడానికి పక్క పలక లేకపోతే వంపూ లేదు. ప్యూర్టో రికో దగ్గర, దక్షిణ శాండ్‌విచ్ దీవుల దగ్గర మాత్రం హద్దులున్నాయి. అట్లాంటిక్‌లో 8,000 మీటర్లు దాటే లోతులు ఉన్నది ఆ రెండు చోట్లే. కాబట్టి "ట్రెంచ్‌లు తీరాల పక్కన ఉంటాయి" అనేది కూడా పూర్తి నిజం కాదు. పలకల హద్దుల పక్కన ఉంటాయి. పసిఫిక్‌లో ఆ రెండూ చాలా చోట్ల ఒకటే అవడం వల్ల అలా అనిపిస్తుంది.

దిగిన పలక ఏమవుతుందో క్లుప్తంగా: అది తనతో పాటు నీటిని, తడి ఖనిజాలను తీసుకుపోతుంది. వంద కిలోమీటర్ల లోతు దగ్గర ఆ నీరు పిండినట్టు బయటకొచ్చి పైనున్న వేడి మాంటిల్‌ను సులభంగా కరిగేలా చేస్తుంది. అలా పుట్టే అగ్నిపర్వతాలే ట్రెంచ్ పక్కన కమానులా నిలిచే దీవుల వరుసలు. పలక ఇంకా దిగుతూ 700 కిలోమీటర్ల లోతు దాకా భూకంపాలు పుట్టిస్తుంది. సముద్రపు నేల ఇలా నిరంతరం రీసైకిల్ అవుతూ ఉంటుంది కాబట్టే ఖండాల మీద నాలుగు వందల కోట్ల ఏళ్ల రాళ్లు దొరుకుతున్నా, పెద్ద మహాసముద్రాల్లో పద్దెనిమిది కోట్ల ఏళ్లకు మించిన నేల మిగల్లేదు.

ఒక మాట బొమ్మల గురించి. ఇంటర్నెట్‌లో ట్రెంచ్‌ను కత్తితో కోసిన నిలువు చీలికలా చూపిస్తారు. అవన్నీ నిలువు కొలతను చాలా రెట్లు సాగదీసి గీసినవి. మరియానా వెడల్పు సగటున డెబ్బై కిలోమీటర్లు. చుట్టూ నేల అప్పటికే ఆరు కిలోమీటర్ల లోతులో ఉంది, కాబట్టి అక్కడి నుంచి ఇంకా దిగేది అయిదు కిలోమీటర్లు. ముప్పై అయిదు కిలోమీటర్లు అడ్డంగా పోతే అయిదు కిలోమీటర్లు దిగుడు. అంటే సగటున ఎనిమిది డిగ్రీల వాలు. అక్కడక్కడా నిట్టనిలువు గోడలు ఉన్నా, చాలా చోట్ల మీరు మామూలుగా నడిచి దిగగలిగేంత వాలే, నీళ్లు లేకపోతే.

లోతు అంకెల గురించి కూడా హెచ్చరిస్తాను. ఒక్కో చోట ఒక్కో అంకె కనిపించి ఏది నిజమని వాదనలు జరుగుతుంటాయి. 1875లో ఛాలెంజర్ ఓడ మరియానా దగ్గర తాడు వదిలితే సుమారు 8,180 మీటర్లు వచ్చింది. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ట్రియెస్టే అనే లోతుకు దిగే నౌకలో అడుగు దాకా దిగినప్పుడు మొదట 11,521 మీటర్లన్నారు, తర్వాత 10,916కి సవరించారు. ఇప్పుడు మేం శబ్దంతో కొలుస్తాం. ఓడ నుంచి పంపిన ధ్వని అడుగును తాకి తిరిగి రావడానికి అక్కడ దాదాపు పదిహేను సెకన్లు పడుతుంది. ఒక డిగ్రీ వెడల్పున్న ధ్వని కిరణం కూడా అంత లోతుకు వెళ్లేసరికి రెండు వందల మీటర్ల చోటంతా కలిపి ఒక్క జవాబు తెస్తుంది. పైగా నీటిలో శబ్దవేగం ఉష్ణోగ్రత, ఉప్పదనం, పీడనాన్ని బట్టి మారుతుంది. ఒక సర్వేలో నీటి తీరు మారాక కూడా నేను పాత శబ్దవేగాన్నే వాడేశాను. బల్లపరుపు మైదానం తెర మీద రెండు అంచులూ చాపలా పైకి చుట్టుకుని, మధ్యలో లోయలా వచ్చింది. దాన్ని రెండు రోజులు నిజం లోయనే అనుకుని మురిసిపోయాను. అందుకే ఛాలెంజర్ డీప్ 10,920 అన్నా 10,935 అన్నా రెండూ నిజాయితీ గల కొలతలే అని అంటాను.

మరి మామూలు మ్యాపుల్లో సముద్రమంతా రంగులతో నిండుగా కనిపిస్తుందే అంటారా? అందులో చాలా భాగం ఉపగ్రహం నుంచి వచ్చిన అంచనా. నీటి అడుగున కొండ ఉంటే దాని ఆకర్షణకు పైనున్న నీరు కాస్త పోగవుతుంది, ట్రెంచ్ ఉంటే నీటి మట్టం దిగుతుంది. ఆ ఎత్తుపల్లాలను కొలిచి అడుగును ఊహిస్తారు. ఓడతో వివరంగా కొలిచింది ఇప్పటికి నాలుగో వంతు మాత్రమే.

మిగతా ఆకారాల గురించి ఒకటి రెండు మాటలు. ఖండాల అంచుల్లో కనిపించే లోతైన లోయలు ట్రెంచ్‌లు కావు, వాటిని కలపకండి. అవి బురద నీళ్లు వాలు మీద దొర్లుకుంటూ కోసిన కాలువలు. 1929 నవంబరులో కెనడా తూర్పు తీరంలోని గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చాక సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లు ఒకదాని తర్వాత ఒకటి, లోతుకు పోయే వరుసలో తెగాయి. తెగిన సమయాలను బట్టి పైన చెప్పిన హీజెన్, ఆయన తోటి శాస్త్రవేత్త యూయింగ్ 1952లో లెక్క కట్టి, ఆ బురద వరద గంటకు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో పరిగెత్తిందని తేల్చారు. లోతులో కనిపించే బల్లపరుపు మైదానాలు చాలావరకు ఇలాంటి వరదలు తెచ్చి పరిచినవే. వాటి కింద రిడ్జ్ దగ్గర పుట్టిన గరుకు కొండలు పూడిపోయి ఉంటాయి.

ఇక సీమౌంట్లు, అంటే నీట మునిగిన అగ్నిపర్వతాలు, ట్రెంచ్ కథలోకే తిరిగి వస్తాయి. జపాన్ ట్రెంచ్ దగ్గర డైఇచి కషిమా అనే సీమౌంట్ పలకతో పాటు వంపులోకి దిగుతూ నిలువునా రెండుగా చీలిపోయి ఉంది. సగం పైన, సగం కింద. నేను ఎవరికైనా వంపు అంటే ఏమిటో చూపించాలంటే ముందు దాని మ్యాపే తీస్తాను. హవాయి దీవుల వరుస ఉంది కదా, అది ద్వీపాలతో ఆగదు. నీటి కింద వాయవ్యంగా, తర్వాత మలుపు తిరిగి ఉత్తరంగా ఎంపరర్ సీమౌంట్లుగా సాగిపోతుంది. ఆ చివరనున్నవి సుమారు ఎనిమిది కోట్ల ఏళ్ల పాతవి. అవి ఇప్పుడు రష్యా తూర్పు కొసన కురిల్, కమ్చట్కా ట్రెంచ్‌ల అంచున ఉన్నాయి. పసిఫిక్ పలక అక్కడ ఏడాదికి సుమారు ఎనిమిది సెంటీమీటర్ల చొప్పున ఆ వంపు వైపే జరుగుతోంది.